వీధి చివరి కొరియన్ హోటల్‌లో ఏం తినాలో బోర్డు మీదే ఉంటుంది

తమ్ముడూ, ముందు మన ఊరి అలవాటు ఒకటి పక్కన పెట్టాలి. మనం హోటల్‌లోకి వెళ్ళి, ఫ్యాను కింద బల్ల చూసుకుని కూర్చుని, మంచినీళ్ళు తాగాక అప్పుడు "ఏమున్నాయి బాబూ?" అని అడుగుతాం. సర్వర్ ఇడ్లీ దగ్గర మొదలెట్టి గుక్క తిప్పుకోకుండా ఊతప్పం దాకా చదువుతాడు. ఇక్కడ కొరియాలో అలా కుదరదు. ఏం తినాలో రోడ్డు మీదే తేల్చుకుని లోపలికి అడుగు పెట్టాలి. ఇక్కడి వీధి హోటళ్ళు చాలావరకు ఒక్కొక్కటీ ఒక్క వంట మీద బతుకుతాయి. చేపలు కాల్చే హోటల్లో చేపలే ఉంటాయి, పంది ఎముకల పులుసు హోటల్లో ఆ పులుసే ఉంటుంది, చిన్న గిన్నె, మధ్య గిన్నె, పెద్ద గిన్నె, అంతే తేడా.

నువ్వు అడిగింది కుదించి చెప్తాను, మిగతావాళ్ళకీ పనికొస్తుంది. సియోల్ దగ్గరి సూవన్ ఊరికి వచ్చి ఆరు వారాలైంది, మేతాన్‌దోంగ్‌లో ఇల్లు, మెట్లు దిగితే పదిహేను హోటళ్ళు, ఒక్కదాంట్లోకీ వెళ్ళలేదు. నువ్వు చికెన్, చేప తింటావు, గొడ్డుమాంసం వద్దు, పంది సంగతి ఇంకా తేల్చుకోలేదు. మీ ఆవిడ గుడ్డు వరకే. ఇద్దరికీ భాష రాదు. కన్వీనియన్స్ స్టోర్‌లో త్రికోణం కింబాప్ (నాచులో చుట్టిన అన్నం), ఇంట్లో పప్పుచారు, వారానికోసారి ఇండియన్ రెస్టారెంట్‌లో అదే బటర్ చికెన్. "అక్కా, పరువు పోకుండా, తినకూడనిది పొరపాటున తినకుండా బయట ఎలా తినాలి?" అన్నావు. నేనిక్కడికి వచ్చి పదకొండేళ్ళు దాటింది. నా పరువు మొదటి నెలలోనే పోయింది కాబట్టి నిమ్మళంగా చెప్పగలను.

అదెలా పోయిందంటే, వచ్చిన కొత్తలో నేనూ, మా కింద ఫ్లోర్ తెలుగమ్మాయీ ఒక హోటల్ బయట నిలబడి ఫోన్‌తో బోర్డు చదివించాం. ఆ అమ్మాయి గుడ్డు కూడా ముట్టదు. ఫోన్ "బంగాళాదుంప సూప్" అంది. ఇంకేం కావాలి, లోపలికి వెళ్ళి రెండు వేళ్ళు చూపించాం. పావుగంటకి బల్ల మీద గ్యాస్ పొయ్యి, దాని మీద వెడల్పాటి గిన్నె, అందులో పిడికిలంతేసి ఎముకలు గుట్టగా వచ్చాయి. పంది వెన్నెముక. పైన పెద్ద పెద్ద ఆకులు, గరిటెతో అడుగున వెతికితే రెండు బంగాళాదుంపలు. దాని పేరు కమ్‌జాతాంగ్. కమ్‌జా అంటే బంగాళాదుంపే, కాబట్టి ఫోన్ అబద్ధం చెప్పలేదు! ఆ అమ్మాయి బయట మెట్ల మీద కూర్చుంటే, డబ్బులు వృథా చేయడం ఇష్టం లేక నేను లోపల తెల్లన్నం, ముల్లంగి ముక్కలు నంజుకుని వచ్చాను. హోటలామె మా వెనకాలే తలుపు దాకా వచ్చి ఏమైందని చేతులతో అడిగింది. చెప్పడానికి మాకు ఒక్క మాట రాదు. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది, వంట బాగాలేదేమో అనుకుని ఉంటుంది పాపం.

అందుకే పేరు అర్థాన్ని బట్టి కాకుండా పేరునే గుర్తు పెట్టుకోవాలి. సున్‌దే అని ఉంటుంది, అది ఐస్‌క్రీమ్ కాదు, పంది పేగులో రక్తం, సేమ్యా కూరి ఉడికించినది. బుదే జిగే అంటే సైనిక శిబిరం పులుసు, కొరియా యుద్ధం తర్వాత అమెరికన్ సైన్యం దగ్గర దొరికిన డబ్బా మాంసం, సాసేజ్‌లతో పుట్టింది. ఉయిజొంగ్బు అనే ఊరు దానికి ప్రసిద్ధి. రుచికి బాగానే ఉంటుందంటారు గానీ ఆ సాసేజ్‌లో ఏ మాంసం కలిసిందో హోటల్ వాళ్ళకే చప్పున తెలియదు. నువ్వు గొడ్డుమాంసం దగ్గర పట్టుదలగా ఉంటే దాని జోలికి పోకు.

కాబట్టి మొదటి పని హంగుల్, అంటే కొరియన్ లిపి, చదవడం నేర్చుకో. అర్థాలు తర్వాత, ముందు చదవడం. మూల అక్షరాలు 24, హల్లులు 14, అచ్చులు 10. హల్లుకి అచ్చు తగిలించి ఒక గడిలో పెట్టడమే, మన గుణింతం లాంటిదే. క, కా, కి, కీ వల్లెవేసినవాడికి ఇది ఒక ఆదివారం పని. ఇంగ్లీషు మీడియం పిల్లల కంటే తెలుగు మీడియంలో చదివిన మా ఆయన ముందు నేర్చుకున్నాడు, ఇప్పటికీ ఆ మాట దెప్పుతుంటాడు. అది వచ్చాక నాలుగు మాటలు బట్టీ పట్టు. సోగోగి గొడ్డుమాంసం, ద్వేజీగోగి పంది మాంసం, దాక్‌గోగి కోడి మాంసం, సెంగ్‌సొన్ చేప. బోర్డు మీద చివర "గుయి" ఉంటే కాల్చింది, "తాంగ్", "కుక్" ఉంటే పులుసు, "జిగే" ఉంటే చిక్కటి పులుసు, "బొక్కుమ్" అంటే వేపుడు. కల్బి దగ్గర మాత్రం ఆగి చూడు. కల్బి అంటే పక్కటెముక. ముందు ఏ మాటా లేకుండా ఒట్టి కల్బి అని ఉంటే గొడ్డుమాంసమే అనుకో. సూవన్ కల్బి అంటే దేశమంతా తెలుసు, అది పూర్తిగా గొడ్డుమాంసం. ద్వేజీ కల్బి పంది. దాక్‌కల్బి కోడి, దాంట్లో ఎముక కూడా ఉండదు, పేరే అలా పడింది.

గొడ్డుమాంసం పేరులో కనిపించకుండా ఉండే చోట్లు చెప్తాను, ఇది జాగ్రత్తగా చదువు. సొల్లొంగ్‌తాంగ్ తెల్లగా పాలలా ఉంటుంది, ఎద్దు ఎముకలు గంటల తరబడి మరిగించిన నీళ్ళు. యుక్కెజాంగ్ ఎర్రగా మన పులుసులా నోరూరిస్తుంది, అందులో పీచుల్లా ఉండేది గొడ్డుమాంసమే. మియొక్కుక్ సముద్రపు నాచు చారు, పుట్టినరోజు నాడు తప్పకుండా తాగుతారు. ఆఫీసులో ఎవరైనా ప్రేమగా పోస్తే ముందు అడుగు, ఎక్కువమంది గొడ్డుమాంసం వేసే కాస్తారు. ఎండాకాలం ఐస్ ముక్కలు వేసి ఇచ్చే నేంగ్‌మ్యొన్ సేమ్యా నీళ్ళు కూడా సాధారణంగా ఆ మాంసం చారే. బిబిమ్‌బాప్‌లో, అంటే కూరగాయలు వేసి కలుపుకునే అన్నంలో, పైన వేసిన మాంసం తీసేయమంటే తీసేస్తారు, కానీ పక్కన ఇచ్చే ఎర్రటి మిరప ముద్ద కొచుజాంగ్‌ని కొన్ని హోటళ్ళలో గొడ్డుమాంసం ఖీమాతో వేయించి ఉంచుతారు. గరిటెతో తిరగేస్తే చిన్న చిన్న పలుకులు కనిపిస్తాయి. నాకు ఈ సంగతి తెలిసేసరికి మూడేళ్ళు పట్టింది, అప్పటికి ఎన్నిసార్లు తిన్నానో ఆ దేవుడికే తెలియాలి.

ఒక చిట్కా ఉంది, కొత్తగా వచ్చినవాళ్ళకి దీని సంగతి ఎవరూ చెప్పరు. ప్రతి హోటల్ గోడకీ, లేదా మెనూ అడుగునా ఒక పట్టిక ఉంటుంది, వొన్‌సాంజి అని. బియ్యం, కిమ్చి అనే పచ్చడికి వాడే క్యాబేజీ, మాంసాలు, కొన్ని చేపలు ఏ దేశం నుంచి వచ్చాయో రాసి పెట్టాలని చట్టం. వాళ్ళు రాసేది ఆస్ట్రేలియాదా, స్వదేశీదా అని గిరాకీకి తెలియడానికి. మనం చదివేది వేరే లెక్క కోసం. ఆ పట్టికలో సోగోగి వరుస లేకపోతే చాలావరకు ఆ వంటింట్లో గొడ్డుమాంసం లేదన్నట్టే. సూప్ పొడులు, సాసుల్లో కలిసి వచ్చేది మాత్రం అందులో కనబడకపోవచ్చు, అంత పట్టింపు ఉంటే అడగక తప్పదు.

ఇక నీలాంటి తిండి తినేవాడు కళ్ళు మూసుకుని వెళ్ళదగ్గ చోట్లు. నా ఓటు మొదట చేపల హోటల్‌కే, సెంగ్‌సొన్‌గుయి అని బోర్డు చూడు. కొదుంగొ అంటే మన కానాగంతల కుటుంబమే, కల్చి అంటే మన సావడాయి. ఉప్పు పట్టించి చర్మం పెళపెళలాడేలా కాల్చి, అన్నం, పులుసు, అయిదారు నంజుళ్ళతో ఇస్తారు. మసాలా ఉండదు. మొదటి రోజు చప్పగా ఉందంటావు, నాలుగో రోజు మనం చేపకి ఇంత కారం ఎందుకు రాస్తామా అని ఆలోచిస్తావు (నేను బాపట్ల వైపు మనిషిని, ఈ మాట మా అమ్మ చదవకూడదు). గిసా సిక్‌దాంగ్ అని ఉంటే టాక్సీ డ్రైవర్ల హోటల్ అని అర్థం, మన దగ్గర లారీ డ్రైవర్లు ఆగిన దాబాకి ఏ గౌరవమో ఇక్కడ దానికి అదే. ఎదురుగా టాక్సీలు వరసగా ఉంటే వెళ్ళిపో.

చికెన్‌కి దాక్‌కల్బి. పెద్ద ఇనప పెనం మీద కోడి ముక్కలు, క్యాబేజీ, చిలగడదుంప, బియ్యప్పిండి కడ్డీలు ఎర్ర ముద్దతో కలిపి మీ ముందే వేపుతారు. చున్‌చొన్ ఊరిది. అయిపోయాక ఆ అడుగున మిగిలిన మసాలాలో అన్నం, నాచు పొడి వేసి వేపిస్తారు, అది అడగకుండా లేచి రావద్దు. ఇద్దరికి తక్కువ ఇవ్వరు. సూవన్‌లోనే పాల్దల్‌మున్ దగ్గర కోళ్ళ వీధి ఒకటి ఉంది, పెద్ద ఇనప మూకుళ్ళలో కోడిని మొత్తంగా వేపి ఇచ్చే పాత దుకాణాలు. అక్కడికి భాష కూడా అక్కర్లేదు, ఒక కోడి అంటే ఒక వేలు. సమ్‌గ్యేతాంగ్ మాత్రం నీ ఇష్టం, చిన్న కోడి పొట్టలో బియ్యం, జిన్‌సెంగ్, వెల్లుల్లి కూరి ఉడికిస్తారు, పిల్లకి జ్వరం వచ్చి తగ్గాక పెట్టే పథ్యంలా ఉంటుంది. మండే ఎండల్లో దాని కోసం క్యూ కడతారు, వేడిని వేడితోనే కొట్టాలంటారు.

నాకు ప్రాణం అయినది మాత్రం బెక్‌బాన్. మాటకి తెల్లన్నం అని అర్థం, నిజానికి మన మెస్ భోజనం. రోజుకో పులుసు, రోజుకో కూర, ఏముందో ఆవిడ ఇష్టం. మా పాత ఇంటి వెనక ఒకటుండేది, ఆరు బల్లలు, పైన టీవీ, పొద్దున పదకొండుకి వెళ్తే ఆవిడ ఒక బల్ల మీద పేపర్ పరుచుకుని మొలకల తోకలు గిల్లుతూ ఉండేది. మనం గోరుచిక్కుడు పీచు తీస్తూ సీరియల్ చూసినట్టే. నన్ను చూడగానే గిల్లిన మొలకలు చేటలోకి ఊడ్చి, స్టీలు గిన్నెలో అన్నం మూతతో సహా తెచ్చి పెట్టేది. ఆ మూత ఒట్టి చేత్తో తీయకు, చేయి కాలుతుంది, ఆవిడ మాత్రం అలవాటు మీద రెండు వేళ్ళతో తీసేది. అన్నట్టు ఆ గిన్నెకో కథ ఉంది. ఏ హోటల్‌కి వెళ్ళినా అదే సైజు ఎందుకని నాకు అనుమానం వచ్చేది. బియ్యం కరువు రోజుల్లో, 1976లో, హోటళ్ళలో అన్నం గిన్నె లోపలి వెడల్పు 10.5 సెంటీమీటర్లు, లోతు 6 సెంటీమీటర్లు మించకూడదని సియోల్‌లో రూలు పెట్టారట, తర్వాత దేశమంతా పాకింది. బియ్యం ఇప్పుడు కొట్లలో మూలుగుతోంది, గిన్నె మాత్రం పెరగలేదు. మనకి చాలదు. "కొంగ్గిబాప్ హానా దొ" అంటే ఇంకో గిన్నె, మామూలుగా 1,000 వోన్లు, ఈ మధ్య కొందరు 2,000 తీసుకుంటున్నారు.

మీ ఆవిడ సంగతికి వస్తాను, ఇక్కడ తియ్యటి మాటలు చెప్పను. ఎండు నెత్తళ్ళు మరిగించిన నీళ్ళు ఇక్కడ మన చింతపండు పులుసంత మామూలు, దాదాపు ప్రతి జిగేకి అదే ఆధారం. కిమ్చిలో ఉప్పు రొయ్యలు, నెత్తళ్ళ రసం పడతాయి. అవి కంటికి కనబడవు కాబట్టి "శాకాహారమే" అని వాళ్ళు నిజాయితీగా నమ్మి చెప్తారు. అలాగే గోగి (మాంసం) లేదు అంటే హామ్, చేప ముద్దలు కూడా లేవని అర్థం కాదు, వాళ్ళ లెక్కలో హామ్ హామే, మాంసం వేరు. మీ ఆవిడకి కంటికి కనబడేవి లేకపోతే చాలు, నీళ్ళ దాకా వెతకను అంటే హాయి: మాంసం తీసేసిన రాతి గిన్నె బిబిమ్‌బాప్ గుడ్డుతో, హామ్, పీత కడ్డీ, చేప ముద్ద తీసేసిన కింబాప్, ఎండాకాలంలో కొంగ్‌గుక్సు. ఈ చివరిది సోయా గింజలు నానబెట్టి రుబ్బిన చల్లటి పాలలో గోధుమ సేమ్యా, ఉప్పో పంచదారో మనమే కలుపుకోవాలి. అడగాల్సిన మాట "గోగి ఒప్షి త్వేయో?", మాంసం లేకుండా కుదురుతుందా అని. ఫలానాది తీసేయమనాలంటే "హెమ్ ప్పే జుసెయో", హామ్ తీసెయ్యండి. ఈ మాట కూర్చోకముందే అడుగు. కుదరదంటే దండం పెట్టి బయటికి వచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కూర్చుని, నంజుళ్ళు వచ్చాక లేస్తేనే తప్పు.

అలా కాదు, నీళ్ళలో కూడా వద్దు అంటే వీధి హోటల్ ఆవిడకి కుదరదు, మొదటి నెలంతా గొడవ పడి ఇంటికి రావడం దేనికి. దానికి సియోల్‌లో బౌద్ధ గుడి భోజనం ఉంది, సాచాల్ ఉమ్‌షిక్ అంటారు. మాంసం, చేప లేకపోవడమే కాదు, ఉల్లి, వెల్లుల్లి జాతి అయిదు ఘాటు కూరలూ నిషేధం. కార్తీకమాసం నియమం ఏడాది పొడవునా పాటించినట్టు. జోగ్యేసా గుడి ఎదురుగా బాల్వూ కొంగ్యాంగ్ అనే హోటల్ జోగ్యే అనే బౌద్ధ శాఖ వాళ్ళదే. ముందు బుక్ చేసుకోవాలి, ఖరీదు, పెళ్ళిరోజుకి వెళ్ళు. మా అత్తగారు వచ్చినప్పుడు తీసుకెళ్తే తామర దుంప చూసి "ఇదేంటే బీడీ కట్టలా ఉంది" అన్నది, కానీ మొత్తం తిన్నది.

లోపలికి వెళ్ళే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఎంతమంది అని అడుగుతారు, వేళ్ళు చూపించు. పన్నెండు నుంచి ఒంటిగంట వరకు మెడలో బ్యాడ్జీల జనం తోసుకుంటారు, అప్పుడు ఒంటరిగా వెళ్ళి నలుగురి బల్ల పట్టుకుంటే ఆవిడకి కష్టం. పదకొండున్నరకి వెళ్ళు. మూడు నుంచి అయిదు చాలాచోట్ల మూసి ఉంటుంది, బ్రేక్ టైమ్ అని తలుపు మీదే రాస్తారు. బల్ల దగ్గర చెంచాలు, చాప్‌స్టిక్‌లు లేవని కంగారు పడకు, బల్ల పక్కన చేయి పెట్టి తడుము, సొరుగు ఉంటుంది. నేను మొదట్లో పక్క బల్ల వాళ్ళని చూస్తూ పది నిమిషాలు కూర్చున్నాను, వాళ్ళవి ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాక. గంట బటన్ ఉంటే నొక్కు, లేకపోతే గట్టిగా "జొగియో!" అను. మెల్లగా అంటే వినపడదు, మర్యాదగా చూపులు కలిపే పద్ధతి ఇక్కడ లేదు, అరిస్తే తప్పు కాదు. ఈ మధ్య బల్ల మీదే ట్యాబ్లెట్‌లు పెడుతున్నారు, దాంట్లో బొమ్మలు ఉంటాయి, నీకు అదే నయం.

పిలుపు గురించి ఒక మాట. "ఇమో" అంటారు, అంటే అమ్మ అక్కో చెల్లెలో, మన పెద్దమ్మ, పిన్ని. వినగానే మనకి నోట్లోకి వచ్చేస్తుంది. కానీ ముప్పయ్యేళ్ళ అమ్మాయిని ఇమో అంటే, మన దగ్గర డిగ్రీ అమ్మాయిని ఆంటీ అన్నట్టే. ఎవరికైనా నప్పేది "సాజాంగ్‌నిమ్", ఓనరు గారూ అని. ఇమో అనేది రెండో నెలలో, ఆవిడే నిన్ను గుర్తుపట్టాక.

నంజుళ్ళు, అదే బాన్‌చాన్, ఉచితం. కిమ్చి, మొలకలు, పాలకూర నువ్వుల నూనెతో, చేప ముద్దల వేపుడు, ఒక్కోచోట గుడ్డు. అయిపోతే మళ్ళీ ఇస్తారు, డబ్బుల్లేవు, "ఇగొ దొ జుసెయో" అని గిన్నె చూపిస్తే చాలు. గోడ మీద "సెల్ఫు" అని ఉంటే మనమే వెళ్ళి వడ్డించుకోవాలి. కావాల్సినంతే పెట్టుకో, వదిలేసింది ఇంకొకరికి వడ్డించడం 2009 నుంచి చట్ట ప్రకారం నేరం, మిగిలిందంతా చెత్తలోకే. పాలకూర, మొలకలు మీ ఆవిడకి పనికొస్తాయి, అయినా వెల్లుల్లి, ఒక్కోసారి చేప రసం పడుతుంది, చెప్పానుగా. ఉచితమని నంజుళ్ళతోనే అన్నం తినేసి లేవడం మాత్రం మనవాళ్ళు కొందరు చేస్తారు, తలకొకటి ఆర్డర్ ఇవ్వాలన్నది ఇక్కడ అందరికీ తెలిసిన లెక్క, ఆ పని చేసినవాళ్ళ వల్ల తర్వాత వెళ్ళినవాళ్ళం మాట పడ్డాం.

పంది సంగతి నువ్వే తేల్చుకో, అందులో నా సలహా లేదు. తింటానంటే మాత్రం ఒంటరిగా వెళ్ళకు. మాంసం కాల్చే హోటళ్ళలో కనీసం ఇద్దరి వాటా ఆర్డర్ ఇవ్వాలి, ఒక వాటా 150 నుంచి 200 గ్రాములు. సియోల్‌లో సమ్‌గ్యోప్‌సాల్ (పంది పొట్ట మాంసం) 200 గ్రాములు 20,000 వోన్లు దాటింది, ఇక్కడ కొంచెం తక్కువ. కత్తెరతో మాంసం కోయడం చూసి మొదట నవ్వొస్తుంది, నెల తిరిగేసరికి ఇంట్లో కొత్తిమీర కత్తెరతో కోస్తుంటావు. పాలకూర లాంటి ఆకులో ముక్క, వెల్లుల్లి, ముద్ద సాసు పెట్టి మడిచి ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి, కొరికి సగం కింద పెట్టకూడదు. మన తాంబూలం పద్ధతే. కోటు ఇచ్చి సంచిలో పెట్టమని అడుగు, లేకపోతే మర్నాడు మెట్రోలో అందరికీ నువ్వేం తిన్నావో తెలుస్తుంది.

కారం గురించి బెంగ పడ్డావు చూడు, అదొక్కటే నాకు అర్థం కాలేదు. ఎర్రగా ఉందని భయపడకు. వాళ్ళ మిరప పొడి రంగు ఎక్కువ, తీపి ఎక్కువ, ఘాటు తక్కువ. ఇక్కడ కారానికి పేరుపడ్డ చొంగ్యాంగ్ పచ్చిమిరపే మన గుంటూరు సన్నం ముందు చిన్నపిల్ల. హోటలామె "మెవొయో, మెవొయో" అని చేతులూపి హెచ్చరిస్తే నవ్వుతూ తల ఊపి తినేయ్. అసలు ఇబ్బంది కారం కాదు, తీపి. కూరలో పంచదార మా ఇంటాయనకి ఇప్పటికీ మింగుడుపడదు.

మర్యాదల మీద అందరూ పుస్తకాలు రాస్తారు, మనకి కావాల్సింది రెండు మూడే. అన్నంలో చెంచా నిలువుగా గుచ్చకు, అది చనిపోయినవాళ్ళకి పెట్టే పద్ధతి. అన్నం, పులుసు చెంచాతో, నంజుళ్ళు చాప్‌స్టిక్‌తో, గిన్నె చేత్తో ఎత్తకు. పెద్దవాళ్ళు మొదలుపెట్టాక మనం. అంతే. చాప్‌స్టిక్ జారి మొలకలు కింద పడితే ఎవరూ చూడరు. బిల్లు బల్ల దగ్గరికి రాదు, లేచి తలుపు దగ్గర కౌంటర్‌లో కట్టాలి. టిప్పు లేదు, పెట్టినా తీసుకోరు, మర్చిపోయావనుకుని పరుగెత్తుకుంటూ వచ్చి ఇస్తారు. రాసిన ధరే ధర, పన్ను అందులోనే. ఒక పూట జిగే భోజనం 9,000, 10,000 వోన్లు, మన డబ్బులో ఆరు వందల దాకా అనుకో. బాత్రూమ్ చాలాచోట్ల బయట మెట్ల దగ్గర ఉంటుంది, తాళం కౌంటర్ దగ్గర గరిటెకో, చెక్క ముక్కకో కట్టి వేలాడుతుంటుంది.

ఈ శనివారానికి ఒక పని చెప్తాను. పదిహేను హోటళ్ళన్నావుగా, పదకొండు గంటలకి ఇద్దరూ దిగి ఊరికే బోర్డులు చదువుతూ ఆ చివరి దాకా నడవండి, తినకండి. సోగోగి ఉన్నవి, పంది ఎముకలవి, కల్బివి తీసేస్తే నాలుగో అయిదో మిగులుతాయి. వాటిలో ఒకదాంట్లోకి తిరుగు దారిలో వెళ్ళండి. వరసగా నాలుగు వారాలు దాంట్లోకే వెళ్ళండి, రోజుకో కొత్తది వెతక్కండి. మా పాత ఇంటి వెనక ఆవిడ అయిదోసారికి నేను అడగకుండానే గొడ్డుమాంసం లేని పులుసు ఉన్న రోజుల్లోనే తలుపు దగ్గర నుంచి చేయి ఊపి పిలిచేది, లేని రోజు అడ్డంగా ఊపేది. భాషతో ఏం పని పడింది చెప్పు.

చివర్లో పెరుగు దొరుకుతుందా అని అడిగావు. దొరకదు, ఇంటి నుంచి డబ్బాలో తీసుకెళ్ళకు, బయటి తిండి లోపలికి తేవద్దని రాసి ఉంటుంది. రాతి గిన్నెలోనో, రాతి కుండలోనో అన్నం తెచ్చే హోటల్ అయితే, అన్నం వేరే గిన్నెలోకి తీసుకుని అడుగున అంటిన మాడు మీద వేడినీళ్ళు పోసి మూత పెట్టెయ్. తిన్నంతసేపూ నానుతుంది. చివర్లో ఆ నీళ్ళతో సహా చెంచాతో తాగితే, మజ్జిగన్నం కాదు గానీ, పొట్టలో ఏదో సర్దుకున్నట్టు ఉంటుంది. తర్వాత తలుపు పక్కన చిన్న కాఫీ మిషన్ ఉంటుంది, పేపర్ కప్పులో మూడు గుక్కల తీపి కాఫీ. పాత హోటళ్ళలో డబ్బులు వేయక్కర్లేదు, పాల కాఫీ బటన్ నొక్కు.